బల్లమీది సమరము - యంత్రము చెప్పు తీర్పు

చదరంగము నెఱుగనివారు మనలో అరుదు. గజములు, తురగములు, రథములు, పదాతులు అను నాలుగంగములు గల సేనను పలకమీద నిలిపి, ప్రాణహాని లేని పోరాటమును మన పూర్వులు కల్పించిరి. చతురంగమను పేరే అందుకు సాక్షి. ఆ యాట పారశీక దేశము మీదుగా పడమటికి పోయి నేడు లోకమంతట వ్యాపించియున్నది. కాని చదరంగమునకును నిజమైన యుద్ధమునకును రెండు పెద్ద భేదములు కలవు. పలకమీది ప్రతి పావును ఇరుపక్షములవారికిని కనబడుచుండును. ఇది మొదటి భేదము. ఏ పావును అలసిపోదు, భయపడదు, కదలుమన్నచోట కదలక మానదు. ఇది రెండవ భేదము. నిజమైన సేనానికి శత్రువు ఎచ్చట పొంచియున్నాడో తెలియదు. తన సైనికులలో ఇంక ఎంత సత్తువ మిగిలియున్నదో కూడ సరిగా తెలియదు. ఈ చీకటిని కూడ ఆటలోనికి తెచ్చి, జరిగిపోయిన యుద్ధములను బల్లమీద మరల నడిపి చూచుటయే చారిత్రక యుద్ధక్రీడ. ఆ క్రీడకు తీర్పరిగా ఇప్పుడు కంప్యూటరు కూడ వచ్చి కూర్చున్నది. అది ఏల రావలసివచ్చెనో, ఏమి చేయుచున్నదో తెలిసికొందము.

ఈ క్రీడ ప్రష్యా దేశమున పుట్టినది. రైస్‌విట్జ్ అను ప్రభువు 1812వ సంవత్సరమున ఒక విచిత్రమైన బల్లను చేయించి, తన రాజగు మూడవ ఫ్రెడరిక్ విలియమునకు సమర్పించెను. కొండలు, ఏఱులు, గ్రామములు, అడవులు గల చిన్న పలకలను దానిపై ఇష్టము వచ్చిన రీతిని కూర్చి, అందు సేనలను నడపవచ్చును. ఆయన కుమారుడు ఫిరంగిదళమున ఉద్యోగి. అతడు తండ్రి యాటను సంస్కరించి, 1824లో నియమములను అచ్చువేయించెను. భూమిమీది 8,000 అడుగులు ఒక అడుగుగా కనబడు పటమును పఱచి, ఎఱుపు, నీలము రంగుల చిన్న దిమ్మెలను సేనలకు గుర్తులుగా నుంచెడివారు. ఒక్కొక్క వంతు రెండు నిమిషముల యుద్ధకాలమునకు సమానము. ఆటగాండ్రు తమ యాజ్ఞలను తీర్పరికి తెలుపుదురు. అతడు పాచికలు వేసి, పట్టికలు చూచి, నష్టములను లెక్కించును. ఒక పక్షమువారి కంట పడదగిన శత్రుసేనను మాత్రమే పటముపై నుంచును. సేనాధిపతియైన మ్యూఫ్లింగ్ దీనిని చూచి, ఇది కేవలము ఆట కాదని, యుద్ధవిద్య నేర్పు సాధనమని మెచ్చి, సైన్యమంతటికిని సిఫారసు చేసెను.

అయితే ఒక చిక్కు కలిగినది. పట్టికలు చూచి, కూడికలు తీసివేతలు చేసి తీర్పు చెప్పుటకు చాల కాలము పట్టెడిది. రెండు నిమిషముల పోరాటమునకు ఎంతో సేపు లెక్క కట్టవలసి వచ్చినచో ఆట సాగునా? అందుచేత వెర్డీ దు వెర్న్వా అను ప్రష్యా సేనాని 1876లో వేఱొక మార్గము చూపెను. అనుభవశాలియైన తీర్పరి పాచికలను, పట్టికలను ప్రక్కకు త్రోసి, తన బుద్ధితోనే ఫలితమును నిర్ణయింపవచ్చునని ఆయన మతము. దీనివలన ఆట వేగముగా నడచినది. కాని తీర్పరి పక్షపాతి యైనచో, లేక పై యధికారికి జంకువాడైనచో గతి యేమి? పట్టికకు వేగము లేదు. మనిషికి నిష్పాక్షికత నిలుచునను నమ్మకము లేదు. ఈ రెంటి నడుమ యుద్ధక్రీడ వంద సంవత్సరములు ఊగిసలాడినది.

తీర్పరి ధర్మము తప్పినచో ఎంత కీడు మూడునో తెలుపు ఉదాహరణ మొకటి చరిత్రలో కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 మే నెల మొదట, జపాను నావికాధికారులు యమాటో అను యుద్ధనౌకపై చేరి, తాము పట్టదలచిన మిడ్వే దీవిని గూర్చి క్రీడ నాడిరి. ఆ క్రీడలో అమెరికా విమానములు జపాను నౌకలపై పడగా, తీర్పరి పాచికలు వేసి తొమ్మిది బాంబులు తగిలినవనియు, అకాగి, కాగా అను రెండు విమానవాహక నౌకలు మునిగినవనియు చెప్పెను. ఆటకు పెద్దగా నున్న ఉగాకి అను అధికారి దాని నొప్పుకొనక, మూడు బాంబులే తగిలినట్లు లెక్క మార్పించెను. ఒక్క నౌకయే మునిగినట్లు వ్రాయించెను. తరువాతి ఘట్టమున ఆ మునిగిన నౌక కూడ మరల తేలి వచ్చినది! ఈ సంగతిని యుద్ధానంతరము జపాను నావికాధికారులే తమ గ్రంథమున వ్రాసిరి. జూన్ నెల మొదటి వారమున నిజమైన మిడ్వే యుద్ధము జరిగినది. ఆ రెండు నౌకలును, వానితోపాటు మఱి రెండును, మొత్తము నాలుగు విమానవాహక నౌకలు సముద్రగర్భమున కలిసినవి. బల్లమీది నౌకను తేల్చుటకు ఒక మాట చాలును. సముద్రమున మునిగిన నౌకను తేల్చుటకు ఎవరి మాటయు చాలదు.

అదే సంవత్సరమున ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున దీనికి విరుద్ధమైన కథ నడచినది. జర్మను జలాంతర్గాములు సరకుల ఓడలను ముంచివేయుచుండగా, వానిని ఎదుర్కొను ఉపాయము కనిపెట్టవలసిన భారము గిల్బర్ట్ రాబర్ట్సు అను నావికాధికారిపై పడినది. ఆయనయు, నౌకాదళ సేవలో చేరిన యువతులును ఒక పెద్ద గది నేలమీద క్రీడను ఏర్పాటు చేసిరి. ఆటగాండ్రను తెరల వెనుక నిలిపి, సన్నని సందుగుండ మాత్రమే చూడనిచ్చిరి. జలాంతర్గామి నడచిన జాడ వారి కంటబడకుండునట్లు గీయబడెడిది. ఆ యువతులలో కొందఱి వయస్సు ఇరువది యేండ్ల ప్రాంతము. వారి యెదుట నోడినవారు సముద్రమున ఆరితేరిన అధికారులు. అయినను తీర్పు మారలేదు. ఓడి, కారణ మడిగి, నేర్చుకొని పోయిరి. యుద్ధము ముగియులోపల సుమారు 5,000 మంది అధికారులు అచట శిక్షణ పొందిరి. ఒకే సంవత్సరమున, ఒకే విధమైన క్రీడ. ఒకచోట సత్యమును దాచినది, ఒకచోట సత్యమును చూపినది. భేదము ఆటలో లేదు, తీర్పులో నున్నది.

ఇక ఈ క్రీడ సైనికుల శిక్షణశాలలనుండి సామాన్యుల ఇండ్లలోనికి వచ్చిన విధము చూతము. ఆంగ్ల రచయితయైన హెచ్. జి. వెల్సు 1913లో బొమ్మ సైనికులతో ఆడు యుద్ధమునకు నియమములు కూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. స్ప్రింగుతో కఱ్ఱముక్కలను విసరు బొమ్మఫిరంగి ఆయన యాటలో ముఖ్యమైన ఆయుధము. శాంతిని కోరిన ఆ రచయిత, ఈ చిన్న యుద్ధమును మూడు నాలుగు పర్యాయములు ఆడినవానికి నిజమైన మహాయుద్ధ మెంత అవివేకమైన పనియో బోధపడునని అందు వ్రాసెను. మఱుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధము సంభవించినది. తరువాత 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ వ్రాసిన గ్రంథము మొదలైనవానివలన ఇంగ్లండులోను, అమెరికాలోను ఈ క్రీడ ఎందఱికో వ్యాసంగమైనది. సీసము, తగరము కలిసిన లోహముతోనో ప్లాస్టిక్కుతోనో పోసిన అంగుళము ఎత్తు బొమ్మలకు ఆయా కాలపు సైనికుల దుస్తులరంగులను పుస్తకములు వెదకి తెలిసికొని, సన్నని కుంచెతో అద్దుదురు. ఒక పటాలమునకు రంగు వేయుటకు వారములు పట్టును.

ఇట్టి అభిరుచి గలవారు ఏటేట సమ్మేళనములు జరుపుకొందురు. లండను నగరమున సెల్యూట్ అను సమ్మేళనము 1972లో ఆరంభమైనది. అమెరికాలో చారిత్రక ప్రతిమాక్రీడా సంఘము జరుపు హిస్టారికాన్ పేరు పొందినది; అది పెన్సిల్వేనియా రాష్ట్రములోని లాంకాస్టరు పట్టణమున వేసవిలో జరుగుచుండును. విశాలమైన సభాభవనములో పదులకొలది బల్లలు వేసియుండును. ఒక బల్లమీద రోమను సేనలు, ఒకదానిమీద నెపోలియను గుఱ్ఱపుదళములు, వేఱొకదానిమీద ఎడారిలో టాంకులు నిలిచియుండును. ప్రతి యాటకును ఒక నిర్వాహకు డుండును. బొమ్మలు, కొండలు, చెట్లు, ఇండ్లు అన్నియు అతడే పెట్టెలలో సర్ది తెచ్చుకొనును. ముందుగా పేరిచ్చిన ఆరుగురో ఎనమండుగురో బల్ల చుట్టును చేరుదురు. వారు ఒకరికొకరు క్రొత్తవారు. ఆ నియమములను అంతకుముందు చదువనివారు కూడ వారిలో నుందురు. సుమారు నాలుగు గంటలలో ఆట ముగియవలెను, ఏలయన ఆ బల్లకొఱకు తరువాతివారు కాచుకొనియుందురు.

ఒక యుద్ధమును బల్లమీదికి ఎట్లు దింపుదురో లెక్క వేసి చూతము. అమెరికా అంతర్యుద్ధములో ప్రసిద్ధమైన గెటిస్‌బర్గు యుద్ధము అదే పెన్సిల్వేనియాలో 1863 జూలై 1, 2, 3 తేదీలలో జరిగినది. మూడవనాడు దక్షిణపక్ష సేనాని లీ పంపగా, సుమారు 12,500 మంది సైనికులు ముప్పాతిక మైలు బయలును దాటి ఎదుటి గుట్టమీదికి నడచిరి. ఒక బొమ్మ 20 మందికి గుర్తనుకొన్నచో 625 బొమ్మలు కావలెను. ఒక అంగుళము 25 గజములకు సమానమనుకొన్నచో, ముప్పాతిక మైలు, అనగా 1,320 గజములు, బల్లమీద సుమారు 53 అంగుళము లగును. నాలుగున్నర అడుగులకంటె కొంచెము తక్కువ! చేయి చాచినచో అందు దూరము. ఆ దూరమును నడచినవారిలో సగముకంటె ఎక్కువమంది చనిపోయిరి, గాయపడిరి, లేక పట్టుబడిరి.

పాత పద్ధతిలో ఈ దాడిని నడపుట కష్టము. ఒక పటాలము తుపాకులు కాల్చినదనుకొనుడు. నిర్వాహకుడు పట్టిక చూడవలెను. దూరమునుబట్టి ఒక అంకె. శత్రువు గోడచాటున నున్నచో కొంత తీసివేయవలెను. కాల్చువారు ఆరితేరినవారైనచో కొంత కలుపవలెను. నడచుచు కాల్చినచో మరల తీసివేయవలెను. పిదప పాచిక వేయవలెను. తగిలినవారు ధైర్యముగా నిలుతురో పాఱిపోవుదురో తేల్చుటకు ఇంకొక పట్టిక, ఇంకొక పాచిక. ఇట్లు ముప్పది పటాలములకు లెక్క కట్టునప్పటికి క్రొత్తవాడు విసిగిపోవును. పట్టికలను కంఠస్థము చేసినవాడు యుద్ధమును మఱచి అంకెలతోనే ఆడును.

ఈ కష్టమును తీర్చుటకే, 1980 తరువాత ఇండ్లలోనికి వచ్చిన చిన్న కంప్యూటర్లను కొందఱు వినియోగింప మొదలిడిరి. కార్నేజ్ అండ్ గ్లోరీ అను నియమావళి ఇట్టివానిలో ప్రసిద్ధము. ఇందు బల్లయు బొమ్మలును యథాప్రకారమే యుండును. లెక్కలు మాత్రము యంత్రము చేయును. నిర్వాహకుడు ఇంటివద్దనే ప్రతి పటాలమునకును ఒక సంఖ్య నిచ్చి, దాని జనబలము, నేర్పు, ఆయుధములు, నాయకుని సామర్థ్యము మొదలైనవి యంత్రములో నెక్కించును. ఆ సంఖ్యనే బొమ్మలపీఠముమీద చిన్న కాగితముతో అంటించును. ఆట నడచునప్పుడు ఆటగాడు, "నా 214వ పటాలము ఎదుటి 118వ పటాలముమీద నూఱు గజముల దూరమునుండి కాల్చుచున్నది, వారు రాతిగోడ వెనుక నున్నారు" అని చెప్పును. నిర్వాహకుడు ఆ సంగతులను మీటలు నొక్కి తెలుపగా, యంత్రము క్షణములో ఫలితమును చూపును. పాచిక దొరలు చప్పుడు లేదు. అదృష్టమును కూడ యంత్రమే లోలోపల లెక్కించుకొనును.

వేగము దీనివలన కలుగు మొదటి మేలు. రెండవది అంతకంటె గొప్పది. ప్రతి పటాలమును ఎంత దూరము నడచినదో, ఎన్నిసార్లు కాల్చినదో, ఎంత బడలినదో యంత్రము మఱువదు. కాని ఆ లెక్కలన్నింటిని ఆటగానికి చెప్పదు. "వారు ఆగిపోయిరి, ఇక ముందునకు కదలుట లేదు" అని మాత్రము చెప్పును. ఎందఱు పడిరి, ఎందఱు మిగిలిరి అనునది ఆటగాడు ఊహించుకొనవలసినదే. గెటిస్‌బర్గులో సరిగా ఇట్లే జరిగినది. దాడికి ముందు దక్షిణపక్షమువారు ఫిరంగులతో చాలసేపు గుట్టను కొట్టిరి. పొగలో వారికి ఏమియు కనబడలేదు. గుండ్లు చాలవఱకు గుట్ట దాటి ఆవల పడినవి. ఉత్తరపక్షపు ఫిరంగుల అధికారియైన హంట్ మందుగుండును దాచుకొనుటకును, శత్రువును మోసపుచ్చుటకును కాల్పులను క్రమముగా ఆపించెను. ఎదుటి ఫిరంగులు నోరుమూసికొన్నవని తలచి దక్షిణపక్షము నడచినది, నడచి నాశనమైనది. ప్రతి ఫిరంగికిని మిగిలిన గుండ్ల లెక్క బల్లమీద అందఱకును కనబడుచుండినచో, ఆ పొరపాటు ఏ యాటగాడును చేయడు. లెక్క దాగియున్నప్పుడే లీ పడిన సందిగ్ధము మనకు బోధపడును.

మన తెలుగునేలమీద జరిగిన యుద్ధమొకటి ఈ విషయమునకు మంచి నిదర్శనము. 1758 డిసెంబరు నెలలో పిఠాపుర, పెద్దాపుర ప్రాంతమునగల చందుర్తివద్ద ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని పోరు జరిగినది. ఆంగ్లేయుల నాయకుడు కర్నల్ ఫోర్డు. ఆయనకు విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు తోడు. ఫ్రెంచివారి నాయకుడు కాన్‌ఫ్లాన్స్. ఫోర్డు వెంటనున్న ఐరోపా సైనికులు నిలువెత్తున పెరిగిన చేనిచాటున పడి కనబడలేదు. ఎఱ్ఱకోటులు తొడిగిన సిపాయీలను చూచి, వారే ఆంగ్లేయులని భ్రమించి ఫ్రెంచిదళము వారిమీదికి మరలినది. అంతట చేనిలోనివారు వెలువడి దాని ప్రక్కను ఎదుర్కొని ఓడించిరి. తరువాత 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట ఆంగ్లేయుల వశమైనది. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి పలుకుబడి అంతరించినది. ఒక పైరుచేను, ఒక కోటురంగు, మన జిల్లాల చరిత్రను మార్చుటకు తోడ్పడినవి. ఈ యుద్ధమును అన్ని బొమ్మలును కనబడునట్లు బల్లమీద పేర్చినచో, చేనులోనివారు ఎవరో ఇరువురకును తెలిసియే యుండును. ఫ్రెంచి పక్షమున ఆడువాడు ఎన్నడును మోసపోడు. ఆ సేనను బల్లమీద పెట్టక, తీర్పరి మనస్సులోనో యంత్రము కడుపులోనో దాచినప్పుడే చందుర్తి చందుర్తిగా నడచును.

అయితే యంత్రమునకును లోపములు కలవు. ఎనమండుగురు ఆటగాండ్రకు ఒక్కడే మీటలు నొక్కువా డున్నచో, అందఱును అతని యెదుట బారుతీరి నిలువవలసి వచ్చును. అందుచేత నేర్పరియైన నిర్వాహకుడు ఒక సహాయకుని వెంట నుంచుకొనును. ఒకడు బల్లచుట్టును తిరిగి సంగతులు చదువగా ఒకడు యంత్రమున కెక్కించును. 214కు బదులు 241 అని నొక్కినచో, వెనుక విశ్రమించుచున్న పటాలము చచ్చినట్లు లెక్క పడును; కావున సంఖ్యను పైకి చదివి సరిచూచుకొనవలెను. యంత్రము ఆగిపోయినచో ఆట నిలిచిపోవును. అందుచేత ప్రతి వంతు చివరను లెక్కను భద్రపఱచి, కాగితముమీద కూడ ముఖ్యాంశములు వ్రాసికొనవలెను. ఇవి సులభముగా తీరు కష్టములు. తీరనిది ఒకటి కలదు. పట్టికతో తీర్పు చెప్పినప్పుడు ఓడినవాడు లెక్కను తానే చూచుకొనగలడు. యంత్రమైనచో, "ఎందుచేత?" అని అడిగిన ఆటగానికి జవాబు దొరకకపోవచ్చును. కారణము తెలియని తీర్పును మనుష్యుడు సులభముగా నమ్మడు. నమ్మినను దానినుండి నేర్చుకొనడు. మంచి నిర్వాహకుడు అప్పుడు ఊరకుండక, "నీవారు ఉదయమునుండి పోరాడుచున్నారు; కంచెలు దాటునప్పటికి వరుస చెదరినది; నాయకుడు దూరముగా నున్నాడు" అని వివరించును. లెక్క యంత్రముది, వివరణము మనిషిది.

ఇంకొక సంగతి కూడ మఱువరాదు. యంత్రము పక్షపాతము లేనిదని మనమందుము. తనకు చెప్పిన లెక్కలో అది పక్షపాతము చూపదు, నిజమే. కాని ఏ పటాలము ధైర్యము కలది, ఏది పిఱికిది, ఏ జాతి సైనికులు నేర్పరులు అను అంకెలను మొదట ఎక్కించినవాడు మనుష్యుడే. విజేతలు వ్రాసిన పుస్తకములు మాత్రమే చదివి, ఓడినవారికి తక్కువ అంకెలు వేసినచో, యంత్రము ఆ యన్యాయమునే అలసట లేకుండ మరల మరల లెక్క కట్టును. చందుర్తిలో సిపాయీలు ఫ్రెంచిదళము తాకిడికి మొదట వెనుకకు తగ్గిరి. అంతమాత్రమున వారికి పిఱికివారని అంకె వేయుట తగునా? వారు ఎదుర్కొన్నది ఎవరిని, ఎంతసేపు, వారికి సహాయ మెప్పుడు వచ్చినది అని విచారింపవలెను. కావున యుద్ధక్రీడలో అసలైన శ్రమ బల్లయొద్ద జరుగదు, గ్రంథాలయమున జరుగును. ఇరుపక్షముల వ్రాతలను చదివి, భూమిపటములు చూచి, అంకెను నిర్ణయించుటయే చరిత్రవిద్య.

విద్యార్థులారా! బల్లమీద పడిన బొమ్మను సాయంకాలమున పెట్టెలో సర్దుకొని, మఱునాడు మరల నిలువబెట్టవచ్చును. గెటిస్‌బర్గు బయలులో పడినవారు మరల లేవలేదు. చందుర్తి చేలలో పడినవారి పేరులైనను మనకు దక్కలేదు. ఈ భేదమును మఱచి ఆడువానికి యుద్ధము వినోదముగా తోచును. మఱువక ఆడువానికి ఒక్కొక్క యాజ్ఞ వెనుక ఎన్ని ప్రాణములున్నవో తెలియును. మీరు చదరంగ మాడినను, లెక్క చేసినను, పెద్దవారై ఏదేని ఒక పనికి తీర్పరులుగా కూర్చున్నను, నచ్చని ఫలితము వచ్చినప్పుడు లివర్‌పూలు గదిని, యమాటో నౌకను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సరియైన లెక్క చెప్పిన చేదుమాటను విన్నవాడు బాగుపడును. తొమ్మిదిని మూడుగా దిద్దుకొన్నవాడు తన్ను తానే వంచించుకొనును. యంత్రము ఎంత వేగముగా లెక్క కట్టినను, ఆ లెక్కను దిద్దకుండ వినవలసిన ధైర్యము మాత్రము మనదే.